టర్బో కారు సైలెన్సర్‌లో ఎదురొత్తిడి: కోసేముందు కొలవండి

అనంతపురంలో గుత్తి రోడ్డు వైపు మాకొక చిన్న వెల్డింగ్ షెడ్డు ఉంది. నాన్న కాలంలో అది బోరు మోటార్ల షెడ్డు. రైతులు మోటారును ట్రాక్టర్లో వేసుకొచ్చి "నీళ్లు సరిగా పడటం లేదు సామీ, వైండింగ్ చేయాలేమో చూడు" అనేవాళ్లు. నాన్న పానా పట్టుకునే ముందు ఒకటే అడిగేవారు: "డెలివరీ పైపు ఎంతది?" రెండున్నర అంగుళాల మూతి ఉన్న మోటారుకు, ఇంటి వెనక పడి ఉన్న ఒకటిన్నర అంగుళం పైపు తగిలించినవాళ్లే ఎక్కువ. "మోటారు బాగానే ఉంది, పైపే గొంతు పట్టుకుంది" అని చెప్పి, డబ్బు తీసుకోకుండా పంపేసేవారు.

నా అబార్త్ పుంటో కారు విషయంలో ఆ ప్రశ్న నాకు ఏడాది తర్వాత గుర్తొచ్చింది. 1368 సీసీ టర్బో పెట్రోల్ ఇంజిన్, 145 హార్స్‌పవర్, 212 ఎన్ఎం టార్క్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 2,500 ఆర్‌పీఎం దగ్గర బాగానే లాగేది, 4,000 దాటితే ఊపిరాడనట్టు బరువెక్కేది. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటిన రోజుల్లో మరీ ఘోరం. ఎవరిని అడిగినా ఒకటే మాట: "క్యాట్ పీకేయన్నా, లావు గొట్టం వేయించు, సాఫ్ట్‌వేర్ కొట్టించు." క్యాట్ అంటే కెటలిటిక్ కన్వర్టర్, పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా. నేను ముందు కొలిచాను. కొలిచాక, అందరూ కోయమన్న చోట కోయాల్సిన పనే లేదని తేలింది. ఎలా కొలిచానో, ఏం మార్చానో, దేన్ని ముట్టుకోలేదో వరసగా చెప్తాను. మీ దగ్గర ఏ టర్బో పెట్రోల్ కారున్నా పద్ధతి ఇదే.

మొదట ఒక అపోహ సంగతి. ఎదురొత్తిడి అంటే పొగ సాఫీగా బయటికి పోలేక గొట్టంలో వెనక్కి నెట్టే ఒత్తిడి, బ్యాక్ ప్రెషర్ అనేది దీన్నే. "కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది" అని మెకానిక్కులు కూడా అంటారు. టర్బో లేని ఇంజిన్లలో గొట్టం పొడవు, లావు లెక్క చూసి అమరుస్తారు. ఒక సిలిండర్ నుంచి వెళ్లే పొగ వేగమే వెనక వచ్చే పొగను లాగడానికి సాయపడుతుంది. గొట్టం మరీ లావైతే ఆ వేగం పోయి, కింది ఆర్‌పీఎంలో పికప్ తగ్గుతుంది. అక్కడ కావలసింది వేగం, ఒత్తిడి కాదు. టర్బో బండిలో పొగ తోపుకు తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టించే టర్బైన్ చక్రమే ఆ పొగ అలలను చాలావరకు మింగేస్తుంది. టర్బైన్ దాటాక ఉండే ఒత్తిడి వల్ల ఏ లాభమూ లేదు, నష్టమే.

ఆ నష్టం ఎంతో చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. టర్బైన్‌ను తిప్పేది దానికి ముందూ వెనకా ఉన్న ఒత్తిళ్ల నిష్పత్తి. వాతావరణ ఒత్తిడి కలిపి ముందు 2.2 బార్, వెనక 1.4 బార్ ఉందనుకోండి. నిష్పత్తి 1.57. వెనక ఒత్తిడిని 1.15కు దించితే, అదే నిష్పత్తికి ముందు 1.8 బార్ చాలు. అంటే వెనక పావు బార్ తగ్గిస్తే, ఇంజిన్ వాల్వుల దగ్గర 0.4 బార్ తగ్గింది. పిస్టన్ పొగను బయటికి తోసే శ్రమ తగ్గుతుంది. సిలిండర్‌లో మిగిలిపోయే వేడి పొగ తగ్గుతుంది, దాంతో నాకింగ్ (ఇంధనం వేళ కాని వేళ పేలడం) తగ్గి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్‌ను వెనక్కి లాగడమూ, అంటే రవ్వను ఆలస్యం చేయడమూ తగ్గుతుంది. లోపలికి వచ్చే గాలే కాగిపోయి ఉండే మన సీమ ఎండలో అన్నిటికన్నా పెద్ద లాభం ఈ చివరిదే అని నా నమ్మకం.

ఇక కొలత. 0 నుంచి 1 కేజీ వరకు చూపించే ప్రెషర్ గేజ్ ఒకటి తీసుకోండి (కేజీ అంటే చదరపు సెంటీమీటరుకు కేజీ, దాదాపు ఒక బార్). పెద్ద గేజ్ వద్దు, 10 కేజీల గేజ్ మీద మనకు కావలసిన తేడా కనిపించదు. కార్లలో ఆక్సిజన్ సెన్సర్ మర సాధారణంగా ఎం18, 1.5 పిచ్ ఉంటుంది. అదే మరతో లేత్ మీద ఒక ప్లగ్గు చేయించి, మధ్యలో రంధ్రం కొట్టించి, 6 మిల్లీమీటర్ల రాగి గొట్టాన్ని బ్రేజింగ్ చేయించండి. గొట్టం రెండు అడుగులకు తగ్గకూడదు. మూడు నాలుగు చుట్లు చుట్టి ఉంచితే గేజ్ దాకా వెళ్లే రబ్బరు పైపు కాలిపోదు. పొగ గొట్టంలో కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది.

సెన్సర్ ఎక్కడుందో ముందు చూసుకోండి. నా బండిలో ముందు సెన్సర్ టర్బో తర్వాత, కెటలిటిక్ కన్వర్టర్‌కు ముందు ఉంది. కొన్ని కార్లలో అది టర్బైన్ చక్రానికి ముందే ఉంటుంది. అక్కడ గేజ్ పెడితే మీరు చదివేది సైలెన్సర్ ఒత్తిడి కాదు, ఇంజిన్ దగ్గరి ఒత్తిడి. రెండింటినీ కలిపేసి చూస్తే భయపడిపోతారు.

సెన్సర్ విప్పి దాని చోట గేజ్ పెట్టడం బండి నిలబెట్టి చేసే పరీక్షకు సరిపోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో 2,500 ఆర్‌పీఎం పట్టి ఉంచండి. 0.2 కేజీ దాటితే ఎక్కడో మూసుకుపోయిందని లెక్క. ఇది షెడ్డు బయటే చేయండి. మూసిన గదిలో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ మనిషిని తెలియకుండా పడగొడుతుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, తర్వాత ఓబీడీ (బండి కంప్యూటర్ కోడ్లు చదివే పరికరం)తో తుడిచేయవచ్చు. కానీ ముందు సెన్సర్ లేకుండా రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్ తొక్కకూడదు, ఇంధనం లెక్క తప్పుతుంది. రోడ్డు పరీక్షకు సెన్సర్ పక్కనే వేరే నట్టు వెల్డ్ చేయించుకోవాలి. ఆ భాగాన్ని బండి నుంచి విప్పి, మూతి కిందికి ఉండేలా పట్టుకుని డ్రిల్లు వేయండి. ఇనప రజను క్యాట్ గళ్లలో పడితే మళ్లీ రాదు.

నేను మూడు చోట్ల కొలిచాను: క్యాట్ ముందు, క్యాట్ తర్వాత వెనక సెన్సర్ నుంచి, మధ్య సైలెన్సర్ దాటాక చిన్న నట్టు పెట్టి. మొదటి రోజు తాడిపత్రి రోడ్డులో తెల్లవారుజామున మా తమ్ముడి కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాను. "పెద్దనాయనా, ముల్లు ఒకటే వణుకుతా ఉంది, ఏం కనపడ్లే" అన్నాడు. నిజమే, పొగ దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. డ్రిప్ సన్న గొట్టాలకు వాడే చిన్న వాల్వ్‌ను గేజ్‌కు ముందు పెట్టి, దాదాపు మూసేసినట్టు తిప్పితే ముల్లు నిలబడింది. గేజ్‌నూ ఆర్‌పీఎం మీటర్‌నూ ఒకే ఫ్రేమ్‌లో ఫోన్‌తో వీడియో తీయడం ఉత్తమం. నడిపేవాడు రోడ్డునే చూడాలి.

రెండో గేరు చాలు. 3,000 నుంచి 5,500 దాకా ఒకే ఊపున తొక్కి వదిలేయండి. మూడో గేరులో వేగం అనవసరంగా పెరుగుతుంది. ఖాళీ రోడ్డు, పొడి రోడ్డు, వెనక బండి లేని సమయం చూసుకోండి. ఎక్కుడు ఉంటుంది కదా అని గువ్వలచెరువు ఘాట్ లాంటి చోటికి ఈ పనికి వెళ్లకండి. ఆ మలుపుల్లో లోడు లారీలు దిగుతుంటాయి.

5,500 దగ్గర నాకు వచ్చినవి: క్యాట్ ముందు 0.62 కేజీ, క్యాట్ తర్వాత 0.48, మధ్య సైలెన్సర్ దాటాక 0.15. ఒకదాన్నుంచి ఒకటి తీసేయండి. క్యాట్ తింటున్నది 0.14. వెనక డబ్బా తింటున్నది 0.15. మధ్య భాగం ఒక్కటే 0.33! అందరూ పీకేయమన్న క్యాట్ దాని పని అది చేసుకుంటోంది. గొంతు పట్టుకున్నది మధ్య గొట్టం.

కారును స్టాండ్ల మీద ఎత్తి చూస్తే సంగతి కళ్లకే కనిపించింది. మా షెడ్డు నేల కడప బండలు. వాటి మీద జాకీ నేరుగా పెడితే బండ పగిలి జాకీ ఒరిగిపోవచ్చు. కింద మందపాటి ఇనప ప్లేటు వేసి, నాలుగు స్టాండ్లూ గట్టిగా కూర్చున్నాక, బండిని చేత్తో ఊపి చూసి కిందికి దూరండి. నాకన్నా ముందు ఎవరో ఏదో షాపులో మధ్య భాగం మార్పించారు. రెండు అంగుళాల మామూలు ఇనప గొట్టాన్ని నొక్కి వంచారు. నిటారుగా ఉన్నచోట వెర్నియర్ 50 మిల్లీమీటర్లు చూపిస్తే, వంపు దగ్గర చప్పబడి 36. అలాంటి వంపులు మూడు. పైగా ఫ్లాంజ్ (రెండు గొట్టాలను బోల్టులతో కలిపే అంచు) దగ్గర ప్యాకింగ్ రంధ్రం గొట్టం కన్నా చిన్నది, పొగ ఒక గుమ్మం తగిలి లోపలికి వెళ్తోంది. ఇంకోచోట నేను స్పీడ్ బ్రేకర్‌కు కొట్టించిన సొట్ట. ఆ బండి గ్రౌండ్ క్లియరెన్స్ 155 మిల్లీమీటర్లే.

ఇక్కడ క్యాట్ గురించి గట్టిగా చెప్పాలి. లోపలి తేనెపట్టు బాగుందా లేదా అన్నది చూడటానికి సెన్సర్ రంధ్రంలోంచి ఫోన్‌కు తగిలే బోరోస్కోప్ కెమెరా చాలు. గళ్లు కరిగి ముద్దగా ఉన్నా, విరిగి అడ్డం తిరిగినా మార్చాల్సిందే. అయితే అది ఎందుకు కరిగిందో ముందు పట్టుకోవాలి. రవ్వ సరిగా ఇవ్వక మిస్‌ఫైర్ చేయించే కాయిల్‌నో, ఆయిల్ తాగే ఇంజిన్‌నో అలాగే వదిలేస్తే కొత్తదీ కరుగుతుంది. గళ్లు బాగుంటే ముట్టుకోకండి. క్యాట్ తీసేసిన బండి పొగ విషం. మన ఇంటి ముందు ఆడుకునే పిల్లలే దాన్ని పీలుస్తారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరిన బండిని నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు మూడు నెలలు పోతుంది. మా షెడ్డుకు వచ్చి ఎంతిస్తానన్నా నేను క్యాట్ కోయను. ఆ 0.14 కేజీ ఉండనీయండి.

గొట్టం లావు ఎంత ఉండాలి? 145 హార్స్‌పవర్‌కు ఇంజిన్ సెకనుకు 110 గ్రాముల దాకా గాలి పీలుస్తుంది. 750 డిగ్రీల వేడిలో అది 300 లీటర్ల పొగ అవుతుంది. ఇరవై లీటర్ల బిందె లెక్కన సెకనుకు పదిహేను బిందెలు. రెండు అంగుళాల గొట్టంలో ఆ పొగ సెకనుకు 170 మీటర్లకు పైగా ఉరకాలి. రెండున్నరలో 110 లోపే. వేగం మాటెలా ఉన్నా, ఎదురొత్తిడి మీద లావు ప్రభావం ఇంకా ఎక్కువ. అదే పొగకు గొట్టం రాపిడి వ్యాసం ఐదో ఘాతం లెక్కన మారుతుంది. రెండు నుంచి రెండున్నరకు వెళ్తే దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. అందుకని 150 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉన్న బండికి రెండుంపావు లేదా రెండున్నర అంగుళాలు సరిపోతాయి. మూడు అంగుళాలు 300 దాటిన బండ్లకు. మనకు బరువు, మోత, నేలకు తగలడం తప్ప ఏమీ మిగలదు.

సరుకు దగ్గర మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఏ ఊళ్లో చూసినా ఎండిపోయిన బోర్ల నుంచి లాగిన జీఐ పైపులు గుట్టలుగా ఉంటాయి కాబట్టి వాటినే సైలెన్సర్‌కు వాడేస్తారు. వద్దు. వెల్డింగ్ వేడికి జింకు పూత ఆవిరై ఆ పొగ పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. గొట్టం బరువు, లోపల గరుకు కూడా. దానికి బదులు పాల డెయిరీలకు వాడే స్టీలు బెండ్లు, గొట్టాలు అడగండి. 304 గ్రేడు, 63.5 మిల్లీమీటర్ల బయటి కొలత, ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు మందం. పాలు నిలవకూడదని లోపల నున్నగా, వంపు దగ్గర కూడా గుండ్రం చెడకుండా చేస్తారు. మనకు కావలసిందీ అదే. నేను 45 డిగ్రీల బెండ్లు నాలుగు, 90ది ఒకటి తెప్పించి ముక్కలుగా కోసి కలుపుకున్నాను. ఒక్కసారిగా తిరిగే 90 కన్నా, వీలైనచోట రెండు 45లు మంచివి.

పాత గొట్టాన్ని పారేయకండి. నేల మీద పెట్టి దాని దారినీ హ్యాంగర్ల చోటునూ చాక్‌పీసుతో గీసుకోండి. కొత్త ముక్కలకు బండి కిందే టాకాలు వేసి, విప్పి బల్ల మీద పూర్తి వెల్డింగ్ చేయాలి. బండి మీద వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ రెండు వైర్లూ తీసేయండి. ఇది ఆర్గాన్ వెల్డింగ్ పనే, 308ఎల్ రాడ్డుతో. స్టీలును మామూలు ఇనప ఫ్లాంజ్‌కు కలిపేచోట 309ఎల్. గొట్టం రెండు చివరలూ అల్యూమినియం టేపుతో మూసి, లోపలికి కూడా కొంచెం ఆర్గాన్ వదలాలి. వదలకపోతే లోపలివైపు నల్లగా గరుకుగా పేరుకుంటుంది, కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. వెల్డ్ గీత లోపలికి పొడుచుకొస్తే రెండున్నర అంగుళాల గొట్టం వేసిన ఫలితం సగం పోయినట్టే. వేలు పెట్టి తడిమి చూడండి. తగిలితే గ్రైండర్‌తో నున్నగా చేయండి. ప్యాకింగ్ రంధ్రం గొట్టం లోపలి కొలత కన్నా ఒక మిల్లీమీటరు పెద్దదిగా ఉండాలి.

ఇంజిన్ తొక్కినప్పుడల్లా ఊగుతుంది, సైలెన్సర్ ఊగకూడదు. అందుకని క్యాట్ వెనక బెల్లోస్ (వంగే ముడతల గొట్టం) తప్పనిసరి. లోపల ఉంగరాల లైనర్ ఉన్నదే తీసుకోండి, ఉత్త జాలీది నాలుగు నెలల్లో చిరుగుతుంది. ఈ స్టీలు మీటరు పొడవుకు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. వెనక హ్యాంగర్లను గట్టిగా బిగిస్తే ఆ సాగుదల వెల్డ్‌ను చీలుస్తుంది, రబ్బరు హ్యాంగర్లే ఉంచండి. పెట్రోల్ ట్యాంకుకు, బ్రేకు గొట్టాలకు, గేరు కేబుళ్లకు కనీసం ఒక అంగుళం దూరం. కొత్త గొట్టం ఎక్కడా పాత గొట్టం కన్నా కిందికి దిగకూడదు. క్రాస్‌మెంబర్ కింద చోటు చాలక నేను ఒక అడుగు ముక్కను కోడిగుడ్డు ఆకారంలోకి, సమానంగా, చప్పగా కాకుండా నొక్కాను.

సైలెన్సర్ డబ్బాల్లో గదులు గదులుగా ఉండి పొగను అటూ ఇటూ తిప్పేవి ఒక రకం. మధ్యలో రంధ్రాల గొట్టం సూటిగా వెళ్లి చుట్టూ ఉన్ని కూరి ఉండేవి ఇంకో రకం. మధ్యలో సూటి రకాన్ని పొడవైనది వేశాను. వెనక కంపెనీ డబ్బాను అలాగే ఉంచాను. మోత పాత బండి లాగే ఉంది, హైవే మీద ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుంటూ వెళ్లొచ్చు. అది నాకు రెండు హార్స్‌పవర్ల కన్నా ముఖ్యం.

బిగించాక వెంటనే తొక్కేయకండి. ఎదురొత్తిడి తగ్గితే టర్బో త్వరగా తిరుగుతుంది, వేస్ట్‌గేట్ (టర్బైన్‌కు పోకుండా పొగను పక్కకు వదిలే తలుపు) ఎక్కువ పొగను వదలాల్సి వస్తుంది. దానికి ఆ చోటు చాలకపోతే ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) కూడా హద్దు దాటి పెరుగుతుంది. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్‌తో పని మొదలుపెట్టేముందే బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్, లోపలికి వచ్చే గాలి వేడి, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనంలో చేసే సర్దుబాటు) రాసి పెట్టుకోండి. తర్వాత అదే రోడ్డులో, అదే వేళకు, ముందు సగం యాక్సిలరేటర్‌తో, ఆ తర్వాత పూర్తిగా తొక్కి పోల్చండి. పైన బూస్ట్ మునుపటి కన్నా ఎక్కువైతే, లేదా పీ0234 కోడ్ (బూస్ట్ హద్దు దాటిందన్న హెచ్చరిక) పడితే ఆగిపోండి. వేస్ట్‌గేట్ సంగతి తేలేదాకా మెల్లగానే నడపాలి. ట్రిమ్ ఉన్నట్టుండి మారితే సెన్సర్ దగ్గర ఎక్కడో గాలి లీకు ఉంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, వెనక గొట్టం మూతికి గుడ్డ అడ్డం పెట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలు చూపిస్తాయి.

నా బండిలో క్యాట్ ముందు కొలత 0.62 నుంచి దాదాపు సగానికి దిగింది. క్యాట్ తినే 0.14, వెనక డబ్బా తినే 0.15 పక్కన పెడితే, మధ్య భాగం తినేది చాలా తక్కువ. బూస్ట్ మునుపటి గీత మీదే ఉంది, 300 ఆర్‌పీఎం ముందే వస్తోంది. మే నెల మధ్యాహ్నం 5,000 దగ్గర ఈసీయూ వెనక్కి లాగే ఇగ్నిషన్ సుమారు రెండు డిగ్రీలు తగ్గింది. సాఫ్ట్‌వేర్ ముట్టుకోలేదు. కాలుష్య పరీక్ష మళ్లీ చేయించి కొత్త సర్టిఫికెట్ తీసుకున్నాను.

500 కిలోమీటర్లు తిరిగాక బండి చల్లగా ఉన్నప్పుడు బోల్టులన్నీ మళ్లీ బిగించండి, మొదటి వేడికి ప్యాకింగ్‌లు కూర్చుంటాయి. జాయింట్ పక్కన నల్లటి మసి గీత కనిపిస్తే అక్కడ లీకు. మధ్య డబ్బాలో అన్నిటికన్నా కింద ఉన్నచోట మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఉందో లేదో, మట్టితో మూసుకుపోయిందో వానలకు ముందు చూసుకోవాలి. పొద్దున పేరుకునే నీళ్లు అక్కడినుంచే పోవాలి. కొలత నట్టులకు ప్లగ్గులు బిగించేముందు మరలకు వేడి తట్టుకునే నికెల్ గ్రీజు రాయండి, వచ్చే ఏడాది మే నెలలో మళ్లీ అక్కడే గేజ్ పెట్టాలి.